పీనుగు వేషం

పీనుగు ఊపిరి పీలుస్తోంది.

టీవీలో స్పష్టంగా కనిపిస్తోంది. స్టేజీ మీద స్ట్రెచరు, దాని మీద మనిషి, మెడదాకా కప్పిన తెల్లగుడ్డ. ఆ గుడ్డ మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. చుట్టూ తోటి కార్మికుల వేషాలు వేసినవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు.

"గిదేంది సదానందం?" అన్నాడు నాటకం ఆడించే రాయమల్లు, నెత్తి పట్టుకుని. "గురక ఒక్కటే తక్కువ. సచ్చినోడు మంచిగ నిద్రవోతున్నడు."

వీడియో తీసిన సదానందానికి నవ్వాగలేదు.

"నువ్వే గద అన్నా, అన్ని సాఫ్ కనవడాలె అన్నవు."

నిజమే. గనుల రక్షణ వారోత్సవాల పోటీకి టేపు పంపాలి. బొగ్గుబాయిలో పైకప్పు కూలి ఒక కార్మికుడు చనిపోవడం కథ. మొదటిసారి సెంటినరీ కాలనీలో ఆడినప్పుడు తీసిన టేపు చూసి రాయమల్లు ముఖం మాడ్చుకున్నాడు. మసి పూసిన ముఖాలన్నీ చీకట్లో కలిసిపోయాయి. టోపీ లైట్లు నేరుగా కెమెరాలోకి కొట్టాయి. "ఈళ్లు మనుషులా, బొగ్గు కుప్పలా?" అని అడిగాడు.

ఆ మాట సదానందానికి గట్టిగానే తగిలింది. జ్యోతినగర్‌లో రెండోసారి ఆడినప్పుడు పట్టుబట్టి పనిచేశాడు. వెనకున్న హాలోజన్ లైటును పక్కకు పెట్టించాడు. వెలుతురు పక్కనుంచి పడితేనే ముఖం మీద గీత, గుడ్డ మీద మడత తెలుస్తాయి. తెల్లగుడ్డ మరీ మెరిసిపోకుండా కెమెరాలోకి వచ్చే వెలుగు తగ్గించాడు. ఫోకస్‌ను ఆటోకు వదిలెయ్యలేదు. నటుడి కన్నుదాకా జూమ్ చేసి, చేత్తో ఫోకస్ కుదిర్చి, అప్పుడు వెనక్కి వచ్చాడు. స్టాండు కదలకుండా కాళ్లకు ఇసుక సంచులు కట్టాడు. ఇంత చేస్తే చావు తప్ప అన్నీ కనిపించాయి.

పీనుగు వేషం ఆమోసుది. బాయిలో పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని అతనిది. ఊపిరి బిగపట్టమంటే పాపం బిగపట్టేవాడే. పక్కవాళ్ల ఏడుపు ఎంతకీ ఆగకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? స్టూడియోకు వచ్చి టేపు చూసుకుని, "నా పొట్ట గింత పెద్దగున్నదా?" అని ఒకటే నవ్వు.

చివరికి సదానందమే ఉపాయం కనిపెట్టాడు. ఎడిటింగులో ఆమోసు బొమ్మను కదలకుండా నిలిపేశాడు. ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది, గుడ్డ మాత్రం లేవదు. ఆమోసు హాయిగా చచ్చిపోయాడు. నాటకానికి మొదటి బహుమతి వచ్చింది.

తర్వాత మాఘమాసం వచ్చిపడింది. సదానందం కాసిపేట వైపు పెళ్లిళ్లు తీస్తూ ఇల్లు మరిచాడు, ఊరు మరిచాడు. గోదావరిఖనిలో తన స్టూడియో తాళం తీసింది ఆ ఆదివారమే. సాయంత్రం మళ్లీ ఇంకో పెళ్లి. పాత టేపుల మీదే కొత్త పెళ్లి ఎక్కించడం అతని అలవాటు. నాటకం టేపును వెనక్కి తిప్పి కెమెరాలో పెట్టబోతుంటే సువార్తమ్మ లోపలికి వచ్చింది.

ఆమోసు భార్య. తెల్లచీరలో ఉంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది అనుకున్నాడు.

సదానందానికి భయమేసింది. రిహార్సల్ నాడు ఆమె చేసిన గొడవ ఇంకా మరిచిపోలేదు. "బతికున్న మనిషిని పీనుగను జేస్తరా?" అని రాయమల్లును అందరి ముందూ దులిపేసింది. ఇప్పుడు తన వంతు వచ్చిందన్నమాట.

"కూసో అక్కా. అన్న ఏడి?"

"ఫస్టు షిఫ్టుకు బాయికి పోయిండు."

ఆ గొంతులో కోపం లేదు. కోపమే కాదు, ఏమీ లేదు.

"నాటకం టేపు ఉన్నదా తమ్మీ?"

"ఫికర్ జెయ్యకు అక్కా. గా పీనుగు సీను మీద ఇయ్యాల్నే పెండ్లి ఎక్కిస్త. నిశాని గూడ మిగలదు."

"వద్దు." ఆమె చెయ్యి చాచి టేపును గట్టిగా పట్టుకుంది. "దాన్ని జూద్దామనే అచ్చిన."

సదానందానికి ప్రాణం లేచొచ్చింది. బహుమతి వచ్చిన సీడీనే వేశాడు. సువార్తమ్మ కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"గిది గాదు. గిండ్ల కదుల్తలేడు. ఊపిరి దీసేది ఇంకోటి ఉన్నదట గద, గది వెట్టు."

పనికిరాదని పక్కన పడేసిన ముక్క కోసం ఈమె పట్టు ఏమిటో అతనికి అర్థం కాలేదు. టేపు వేశాడు. గుడ్డ లేచింది, దిగింది. సువార్తమ్మ స్టూలును టీవీ దగ్గరకు జరుపుకుంది. సీను అయిపోగానే మళ్లీ వెయ్యమంది. వేశాడు. మళ్లీ వెయ్యమంది.

"ముక్కు కాడ ఇంకింత సాఫ్ రాదా తమ్మీ?"

"తీసినప్పుడు ఏది పడ్డదో గదే ఉంటదక్కా. తర్వాత నేను కొత్తగ తేలేను. గుడ్డ మడతలు జూడు, ఎంత సాఫ్ ఉన్నయో."

"అవు. మంచిగ తీసినవ్."

పెళ్లివాళ్ల ఫోన్ మోగుతోంది. అయినా సదానందం మళ్లీ టేపు తిప్పాడు. ఇక అడక్కుండా ఉండలేకపోయాడు.

"నవ్వులాటకు అడుగుత అక్కా, అన్న ఇంట్ల రోజు తీసే ఊపిరే గద, దీన్ల కొత్తగ ఏం జూస్తున్నవ్?"

సువార్తమ్మ టీవీ మీదినుంచి చూపు తిప్పలేదు.

"మొన్న బాయి మీద గూడ మీ అన్నను గిట్లనే తెల్లగుడ్డ గప్పి పండవెట్టిండ్రు తమ్మీ, పొద్దుగూకేదాక గా గుడ్డ దిక్కే జూసిన, లేవలే."