గున్నమ్మ ఆపరేషన్

"నోరు తెరువమ్మా, ఒక్కసారి చూసి వదిలేస్తాను," అంది స్కూల్లో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టిన డాక్టర్ అనూరాధ.

కన్యాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనకున్న ఆడవాళ్లూ అదే పని చేశారు. చీపురుపల్లి దగ్గరి ఆ ఊళ్లో చాలామంది ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అంగిలి కాలి కాలి తెల్లబడుతుంది. కొందరికి అదే క్యాన్సరై కూర్చుంటుంది.

"నానొల్లను. పెద్దాసుపత్రికెల్లినోల్లు ఎవులు బతికొచ్చినారు?" అంది కన్యాకుమారి.

స్కూలు వరండా మీద దభీమని గంప దిగింది. భోగాపురం వైపు నుంచి వచ్చి ఊరూరా ఎండుచేపలు అమ్ముకునే గున్నమ్మ.

"నాను రానేదేటే? నాకూ అంగిట్లో మచ్చే. ఇశాపట్నంలో కోసినారు. సూడు ఎలాగున్నానో!" అంటూ ఓ ముసలామె చేతిలోని జంతిక లాక్కుని పటపటా నమిలింది.

అందరూ నవ్వారు.

"నొప్పెట్టనేదేటి?" అంది కన్యాకుమారి.

"మత్తిస్తారే. లేసేసరికి అయిపోద్ది. మచ్చప్పుడే ఎల్తే బతుకుతావు. ముదరబెట్టుకుంటే డాక్టరమ్మ మాత్రం ఏటి సేస్తాది?"

కన్యాకుమారి కొంగు తీసి నోరు తెరిచింది. అంగిట్లో గట్టిపడిన పుండు కనిపించింది. అది క్యాన్సరేనని పరీక్షలో తేలింది.

విశాఖలో ఆపరేషన్‌కు గున్నమ్మ బేరం మానుకుని తోడు వెళ్లింది. మంచం పక్కన నేలమీదే పడుకుంది, జావ తాగించింది. చూడటానికి వచ్చిన అనూరాధ వరండాలో ఆమెను అడిగింది, "ఇంత శ్రమ నీకెందుకు గున్నమ్మా?"

"మా అప్ప మచ్చ దాసుకుంది డాక్టరమ్మా. బయపడి ఎవులికీ సెప్పనేదు. అలాగే పోనాది."

కన్యాకుమారి కోలుకుంది. చుట్ట మానేసింది. మరుసటి ఏడాది క్యాంపులో వరస రోడ్డు దాకా సాగింది. పక్క ఊళ్ల నుంచి కూడా ఆడవాళ్లు ఆటోలెక్కి వచ్చారు. గున్నమ్మ ఆపరేషన్ కథ వాళ్లందరికీ తెలుసు. కన్యాకుమారి వాళ్లను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతోంది.

"గున్నమ్మా, నీ నోరు నేనింతవరకూ చూడనేలేదు. నువ్వూ రా," అంది అనూరాధ.

"నాదేటుంది? ఆల్లని సూడండి ముందు."

"కోసినచోట మళ్లీ రాకుండా చూసుకోవాలి. కూర్చో."

కన్యాకుమారే ఆమెను బలవంతాన కూర్చోబెట్టింది. గున్నమ్మ డాక్టరమ్మ కళ్లలోకే చూస్తూ మెల్లగా నోరు తెరిచింది. అనూరాధ టార్చి వేసి చాలాసేపు చూసింది. తలెత్తి వరసలో ఉన్న ఆడవాళ్లందరినీ చూసింది.

"కోత బాగా మానింది గున్నమ్మా," అంది అందరికీ వినపడేలా. "రండమ్మా, తర్వాతెవరు?"

ఆ నోట్లో కత్తి పడిన గుర్తే లేదు.