సాక్షి సంతకం

"ఏం ప్రొఫెసరూ, పదకొండేళ్ళకి దారి గుర్తొచ్చిందా?" డిస్క్ గోల్ఫ్ మైదానంలో ఏడో బుట్ట దగ్గర రోడ్నీ నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"నీ డిస్కు మీద సంతకం పెడదామని వచ్చాను."

మిషిగన్‌లో మా ఆట పద్ధతి ఇదే. మొదటి విసురుకే పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు స్తంభానికున్న గొలుసుల బుట్టలో పడితే, కళ్ళారా చూసినవాళ్ళు దానిమీద సంతకం పెట్టాలి. పదకొండేళ్ళ కిందట రోడ్నీ డిస్కు అలా పడిన రోజు అక్కడ ఉన్నది నేనూ, నా భార్య లోరెనూ. గొలుసుల చప్పుడు విన్నాను గానీ చూడలేదని నేను పెట్టలేదు. లోరెనూ పెట్టలేదు.

"నీవల్ల క్లబ్బంతా నన్ను అబద్ధాలకోరన్నారు. ఇప్పుడు పెళ్ళాం పోయి, పలకరించే దిక్కులేక వచ్చావా?"

"ఆ రోజు నీ మాట నమ్మాల్సింది, రోడ్నీ. తప్పు నాదే."

అతను సంచిలోంచి ఎర్ర డిస్కు తీసి నా ఛాతీకి కొట్టినట్టు అందించాడు. తిప్పి చూశాను. లోరెన్ సంతకం. కింద ఆ రోజు తేదీ.

"ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి పెట్టింది. తను చూసిందట. నీతో గొడవ పడలేక నోరు మూసుకుందట."

"మరి క్లబ్బులో ఎందుకు చూపించలేదు?"

"చూపిస్తే మీ ఇంట్లో ఏమయ్యేది?"

నేను పెన్ను మూత తీశాను.

"లోపల పెట్టు. నువ్వు చూడలేదుగా!"

డిస్కు మాత్రం వెనక్కి లాక్కోలేదు. నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని నిలబడినంతసేపూ, చెట్లవైపు తిరిగి ఆగాడు.