ఎంగిలి గ్లాసు

సంచి జారి అరుగు మీద పడింది. స్టీలు గ్లాసులు ఘల్లుమంటూ నలువైపులా దొర్లాయి.

గంగారత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చేతిలోనూ ఒక గ్లాసుంది, అందులో సగం నీళ్లు. ఆ నీళ్లు ఎదురుగా ఉన్న ఆవిడకి ఇవ్వబోతూనే ఉంది అప్పటిదాకా.

రెండువేల ఆరులో సర్కారువాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. వీళ్ల ఊరి గట్టు పేల్చిన వారం నుంచీ గంగారత్నం కూతురు దుర్గాభవానికి దాహం పట్టుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల బిందెలకి బిందెలు తాగేస్తోంది, పెదవులు మాత్రం బీటలు వారుతున్నాయి. ఏలూరు డాక్టరు షుగరు లేదన్నాడు, సెలైన్లు ఎక్కించి ఇంటికి పంపేశాడు. పిల్ల తండ్రి బాబీ, చెరువు పని పోయి, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు.

ఆ పూట ఎవరో ఆవిడ పడవ దిగి సరాసరి గుమ్మంలోకి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, ఎండిన తుంగలా ఉంది మనిషి. పేరు కనకమ్మట.

“నిలవ నీళ్లని నమ్ముకుని కొన్ని బతుకుతాయమ్మా. కంటికి ఆనవు. చెడ్డవీ కావు. గట్టు తెగి నీళ్లు పోతే ఎక్కడికెళ్తాయి? దొరికిన గొంతులో దూరతాయి. తాగేది పాప కాదు, అది.”

“మరి పోయేదెలాగండీ?”

“పాప సగం తాగి వదిలిన గ్లాసు నాకివ్వండి. ఎంగిలి వెంట నాలోకి వచ్చేస్తుంది.”

“ఆ తాగేదేదో నేనే తాగుతానండీ.”

“బిడ్డ ప్రాణంతో ఉండగా తల్లి దగ్గరికి రాదమ్మా. నాకు తెలుసు.”

ఆ మాట అన్న తీరుకి గంగారత్నానికి గురి కుదిరింది. పిల్ల చేత సగం తాగించి గ్లాసు తెచ్చింది. అందుకోడానికి కనకమ్మ వంగింది. సంచి జారింది.

గంగారత్నం ఒక గ్లాసు తీసి చూసింది. ‘స్నేహలత, పెదపాడు’ అని పేరు కొట్టించి ఉంది. ఇంకోటి తీసింది. ‘ఏసుకుమార్, ముదినేపల్లి’. మరోటి. ‘సిల్వియా’.

“ఇవన్నీ ఎవరివండీ?”

“ఆ ఇళ్లవాళ్లే ఇచ్చారమ్మా.”

“పేరు కొట్టించుకున్న గ్లాసు దారినపోయేవాళ్లకి ఎవరిస్తారు?”

కనకమ్మ ఏదో చెప్పబోయింది. గంగారత్నం చేతిలోని గ్లాసు వంక చూసి నోరు మూసుకుంది.

“చూడు, దొంగకి తేలు కుట్టినట్టు ఎలా నిలబడిందో!” అన్నాడు పక్కింటి తాతారావు.

దాంతో గంగారత్నం నోట మీరు కాస్తా నువ్వయింది. “ఇళ్లల్లో దూరి సామాను పట్టుకుపోడానికా ఈ వేషం? నడు!”

“గ్లాసు మీ దగ్గరే ఉంచుకోండమ్మా. ఆ నీళ్లు మాత్రం నా దోసిట్లో పొయ్యండి.”

గంగారత్నం ఆ నీళ్లు వాకిట్లో పారబోసింది.

కనకమ్మ తడిసిన మట్టి వంక చూసింది. తర్వాత సంచి కోసం చెయ్యి చాపింది.

“అదన్నా ఇచ్చెయ్యండి బాబూ. సాయంత్రమవుతోంది.”

“ఎవరివి వాళ్లకి మేం చేరుస్తాంలే,” అని తాతారావు సంచి లాక్కుని, గంగారత్నం ఇంట్లో పెట్టించి, ఆవిణ్ణి రేవు దాకా తోలి వచ్చాడు. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోడానికేం, నోరుంటే చాలు.

మూడో రోజు తాతారావు పెదపాడు వెళ్లి, స్నేహలత తండ్రి రాజరత్నాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తుటి చుక్క లేదు.

“మా పాపకీ ఇదే దాహమండీ,” అన్నాడు రాజరత్నం. “ఆశ వదిలేసుకున్నాం. ఆవిడొచ్చి ఎంగిలి తాగింది. మర్నాడు పాప లేచి అన్నమడిగింది. ఆవిడ తాగిన గ్లాసు ఇంట్లో ఉంచుకోడానికి భయమేసి, మేమే ఇచ్చి పంపేశామండీ. అన్ని ఇళ్లల్లోనూ అంతేనంట. ఆ భయం సంగతి ముందే చెబితే ఎవరూ గ్లాసివ్వరని ఆవిడ చెప్పేది కాదు.”

గంగారత్నం అరుగు దిగి వచ్చింది.

“ఆవిడెక్కడుందండీ? వెళ్లి కాళ్లు పట్టుకుంటాను.”

తాతారావు తలెత్తలేదు. “నిన్నటిదాకా రేవు పక్క బోరింగు దగ్గరే ఉందంటమ్మా. తాగుతూనే ఉందంట. పొద్దున్న చూస్తే... పోయిందంట.”

“రోజూ సాయంత్రం ఈ గ్లాసుల్లో నీళ్లు పోసి ముందు పెట్టుకునేదండీ,” అన్నాడు రాజరత్నం. “‘వీటి వాటా వీటికి పెట్టకపోతే నన్ను తాగేస్తాయి బాబూ’ అనేది. సంచి చేతిలో ఉంటే బతికేదే.”

గంగారత్నం గుండెలు బాదుకుంటూ లోపలికి పరుగెత్తింది. పిల్ల తల ఎత్తి గ్లాసు నోటికి పెట్టింది. దుర్గాభవాని సగం తాగింది. మిగతా సగం తాగడానికి పిల్ల లేదు.

కబురందుకుని బాబీ వచ్చాడు. చెయ్యాల్సినవి చేసి అరుగు మీద కూలబడ్డాడు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు.

మంచం పక్కన గ్లాసు అలాగే ఉంది. సగం నీళ్లు, బిడ్డ ఎంగిలి.

పారబోయడానికి గంగారత్నానికి చేతులు రాలేదు. మూడు రోజుల కిందట పారబోసిన చేతులే అవి. ఎత్తి గడగడా తాగేసింది.

గొంతు తడవలేదు. మళ్లీ తాగింది. బిందె ఖాళీ అయింది. గొంతు ఎండుతూనే ఉంది.

బిడ్డ ప్రాణంతో ఉండగా తల్లి దగ్గరికి రాదమ్మా అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నాకు తెలుసు అని కూడా అంది ఆవిడ.

గంగారత్నం కూతురి గ్లాసు ముందు పెట్టుకుని నీళ్లు పోసింది. తర్వాత సంచిలోంచి ఒక్కొక్క గ్లాసే తీసి దాని పక్కన పేర్చింది. అడుగున సొట్టలు పడ్డ గ్లాసొకటి మిగిలింది. ఆ రోజు దాన్నెవరూ తీసి చూడలేదు.

నీళ్లు పోస్తూ దాని మీది అక్షరాలు చదివింది: ‘చి. సువర్ణకు, అమ్మ కనకమ్మ.’