కర్ణకఠోరం

“మళ్లీ తగలడ్డాడ్రా,” అంది అక్క గుసగుసగా, ఫోను తమ్ముడి ముఖం ముందు నుంచి కదల్చకుండానే.

అందరూ గిటారాయన అని పిలిచే ఆ తమ్ముడు, గది మారుమోగకుండా గోడకు ఆనించిన పరుపు ముందు కూర్చుని లైవ్‌లో మాట్లాడుతున్నాడు. ఏ కంపెనీ అండా లేని పాటగాడు. ఆ పరుపే అతని స్టూడియో. కొత్త ఆల్బమ్ వచ్చే నెల విడుదలవుతుందనీ, ఏడు పాటలూ ఈ గదిలోనే రికార్డు చేశాననీ అభిమానులకు చెప్పాడు. ఆ తర్వాత, ఆదివారం పిల్లల ఆసుపత్రిలో పెట్టబోయే మూడో రక్తదాన శిబిరం సంగతి ఎత్తుకున్నాడు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప లేచి తిరగలేని పిల్లలు అక్కడ పంతొమ్మిది మంది ఉన్నారు.

సరిగ్గా అప్పుడే ఆ వ్యాఖ్య పడింది. పేరు ‘కర్ణకఠోరం’. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ.

“ఈయన పాట వింటేనే ఒంట్లో రక్తం ఇంకిపోతుంది. ఇక దానమివ్వడానికి ఏం మిగులుతుంది?”

గిటారాయన నవ్వేశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వెంటనే ఇంకొకటి. “ఈయన అభిమానులు వేలితో గుండె బొమ్మలు నొక్కేవాళ్లే గానీ చెయ్యి చాపేవాళ్లు కారు. నూటయాభై మంది వస్తే అక్కడే అందరి ముందూ నేనెవరో ఒప్పుకుంటా. రాకపోతే నువ్వు గిటారు అటకెక్కించెయ్. ఏమంటావ్?”

అక్క తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు.

“సరే అంటున్నా!” అని అరిచాడతను, రెండు వేల మంది చూస్తుండగా. “ఒక్కరు తగ్గినా ఈ జన్మలో మళ్లీ పాడను!”

లైవ్ ఆగాక అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. “బుద్ధుందా నీకు? మొదటిసారి వచ్చింది పదకొండు మంది. అందులో నేనూ, మీ బావా! కిందటిసారి, వీడు తగులుకున్నాక, కిందా మీదా పడితే అరవై రెండు. నూటయాభై ఎక్కణ్ణుంచి తెస్తావ్?”

“తెస్తాను. వాడెవడో నాకు తెలుసక్కా. డప్పుగాడే.”

డప్పుగాడంటే ఒకప్పటి జతగాడు, డ్రమ్ములు వాయించేవాడు. పదేళ్లు కలిసి వాయించి, ఒక పాట తాళం దగ్గర మాటా మాటా పెరిగి, “నీ గొంతు నీకే ముద్దు” అనేసి వెళ్లిపోయాడు. మూడేళ్లయినా ఆ మాట గిటారాయన పళ్ల సందున పీచులా ఇరుక్కునే ఉంది.

“వాణ్ణి నలుగురి ముందూ నిలబెట్టాలి. తలెత్తుకోకుండా చెయ్యాలి. ఆ వీడియో ఆల్బమ్ కంటే ముందు వదులుతా.”

“ఇదంతా పిల్లల కోసమనుకున్నాన్రా.”

“ఇప్పుడు వాడి కోసమే.”

శనివారం మంచాలు చూసుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. అందరూ నర్సమ్మ అని పిలిచే హెడ్ నర్సు దుప్పట్లు మడతపెడుతోంది. నిద్రలో ఒక పాప కాలు బయటపడితే, మాట ఆపకుండానే దాని మీదికి దుప్పటి లాగింది.

“ఏంటి బాబూ, పాడ్డం మానేస్తారట? మా పిల్లలు ఊరుకోరు.”

“మానేది నేను కాదు సిస్టర్. వాడి నోరే మూయిస్తా.”

“పోనివ్వండి. నోరు పారేసుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.” ఇంకో దుప్పటి అందుకుంది. “అయితే నూటయాభై సంచులు సిద్ధం చెయ్యనా?”

“రెండొందలు చెయ్యండి.”

ఆదివారం పొద్దున తొమ్మిదికే వరస గేటు దాటింది. మొదటి సంచి గిటారాయన తనే ఇచ్చాడు.

“సూదంటే నాకు చచ్చే భయం,” అన్నాడు ఒక బస్సు డ్రైవరు, కళ్లు గట్టిగా మూసుకుని. “కానీ ఆ వెధవెవడో చూడకుండా కదల్ను.”

“నాకప్పగించండి బాబూ, మూతికి రెండు కుట్లేస్తా,” అంది పక్క మంచం మీది టైలరమ్మ.

“గట్టిగా వెయ్యి పిన్నీ, విప్పుకోకుండా!” అని వరసలోంచి ఎవరో.

“కోపం తర్వాత. ముందు పిడికిలి బిగించండి,” అంటూ నర్సమ్మ మంచం నుంచి మంచానికి తిరుగుతోంది.

మూడున్నరకు వరస అయిపోయింది. అక్క చీటీలు రెండుసార్లు సరిచూసింది. నూట నలభై తొమ్మిది. నాలుగింటికి శిబిరం మూసేస్తారు. గిటారాయన తన వేళ్ల కొసలు చూసుకుంటూ కూర్చున్నాడు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్లు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ డప్పుగాడు లోపలికి వచ్చాడు.

“వచ్చావా!” గిటారాయన ఒక్క ఉదుటున లేచాడు. “అక్కా, ఫోను తియ్యి. చెప్పరా, ఆ కర్ణకఠోరం నువ్వేనని చెప్పు!”

“నాకెందుకురా దొంగ పేరు? నిన్ను తిట్టాలంటే మొహం మీదే తిడతాను. తిట్టాను కూడా.” డప్పుగాడు ఖాళీ మంచం మీద వాలాడు. “నీ గొంతు బాగోలేదనే హక్కు పదేళ్లు పక్కన కూర్చుని విన్నవాడిది. మధ్యలో వాడెవడు? వాడి అంతు చూద్దామనే వచ్చా. ఇదిగో చెయ్యి, గుచ్చండమ్మా.”

నర్సమ్మ గుచ్చింది. డప్పుగాడి రెండో చెయ్యి అలవాటుగా మంచం అంచున తాళం వేస్తోంది.  గిటారాయన స్టూలు లాక్కుని ఆ పక్కనే కూర్చున్నాడు.

సంచి నిండింది. “నూటయాభై!” అని అక్క కేక పెట్టింది. పిలుపు కోసమే వరండాలో కాచుకుని ఉన్న జనమంతా లోపలికి తోసుకొచ్చారు.

గిటారాయన ఫోను లాక్కుని ముఖం ముందు పెట్టుకున్నాడు.  “నూటయాభై మంది వచ్చారు. ఎక్కడ దాక్కున్నావ్? మాట మీద నిలబడే మనిషివైతే బయటికి రా!”

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ఎవరూ రాలేదు.

రక్తం సంచి మీద చీటీ అంటిస్తూ, “నేనే బాబూ,” అంది నర్సమ్మ.