పనసచెక్క గీత

మంచం మీది ముసలాయన ఖళ్లుమని దగ్గి, సింహాచలం చేసిన చెక్కగిన్నెలోనే ఉమ్మాడు.

సింహాచలం రెండడుగులు వెనక్కి వేశాడు. టేకు ముక్కలు అతికించి, లేత్ మీద గుండ్రంగా తీసి, చుట్టూ కెరటంలా గాడి తవ్వి, పసుపుపచ్చటి పనసచెక్క పుల్లల్ని వేడినీళ్లలో నానబెట్టి, విరక్కుండా వంచి పొదిగిన గిన్నె అది. ఇప్పుడు దాని అడుగున కఫం.

"సీ! ఇందుకేటమ్మా ఇంకోటి కావాలని కబురెట్టారు? ఉమ్ముకోడానికి నాను సెయ్యను. రాజాంలో స్టీలు గిన్నెలే దొరకలేదా మీకు?"

కోడలు అర్చన తల దించుకుంది. "స్టీలువి ఇస్తే విసిరేస్తన్నారు. పక్షవాతం వచ్చాక మామయ్యగారికి చూపు కూడా పోయింది. ఇదొక్కటే వదలరు. కడగడానికి కూడా ఇవ్వరు. మీరే చూడండి."

సింహాచలం ముక్కు మూసుకుని చూశాడు. చొంగ కారిన గిన్నె మీద ముసలాయన వేలు పనసగీతను పట్టుకుని ఎక్కుతోంది, దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. చుట్టూ తిరిగొచ్చినా ఎక్కడా ఆగలేదు.

ఇన్నాళ్లూ ఆ గీతను అందరూ చూసి మెచ్చుకున్నవాళ్లే. తడిమి చూసినవాడు ఈయనొక్కడే.

ఆ వాసనకు సింహాచలం ముక్కు మీది చెయ్యి ఇంకా తియ్యలేదు. అయినా గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"రెండు వారాల్లో తెస్తాను. తడికి ఆగేలాగ లోపల పూతేస్తాను," అన్నాడు. "గీతని ఈసారి ఇంత నున్నగా సెక్కేయనమ్మా. యేలుకి తగిలేలాగ పైకి తేల్సి ఉంచుతాను."