డ్రైవరు కావలెను

"ఇంతకుముందు చేసిన ఉద్యోగం ఎందుకు మానేశావు?"

ప్రశ్న వేసి అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా కూర్చున్న డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"జీతం సరిపోక సార్."

అధికారి మాట్లాడలేదు.

ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేయడంలో తల పండిన మనిషి ఆయన. ఎవరైనా మొదట చెప్పేది ఇంటి దగ్గర బట్టీ పట్టుకొచ్చిన జవాబే. అది విని ఊరుకోవాలి. తలాడించకూడదు. ఇంకో ప్రశ్న వేయకూడదు. ఎదుటి మనిషి ఆ మౌనం భరించలేక తనంతట తనే ఇంకో మాట జారుస్తాడు. అసలు సంగతి ఆ రెండో మాటలో ఉంటుంది.

కంపెనీకి కావలసింది ఒకే ఒక్క డ్రైవరు. నికార్సయిన పనివాళ్ళు ఎందరో వచ్చారు. ప్రతి ఒక్కరినీ ఇదే ప్రశ్న అడిగి, ఏదో ఒక వంక పెట్టి పంపేస్తూ వచ్చాడు. రిసెప్షన్‌లో అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది కూడా.

"అసలు మీకెలాంటివాడు కావాలి సార్?"

"వస్తే తెలుస్తుందిలేమ్మా."

ఆ అమ్మాయికేం తెలుసు! ఆ వాన కురిసిన సాయంత్రం నుంచి ఆయనకు తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే చాలు, సైకిలు పక్కన పడి ఉన్న కాలేజీ పిల్లే కనిపిస్తోంది. పాత వంతెన దాటాక మలుపులో ఆ పిల్లను ఏదో కారు గుద్దేసి పోయిందని పేపర్లో వేశారు. అక్కడొక సామాన్ల వ్యాను ఆగి ఉందనీ, పోలీసులు వెళ్ళేసరికి లేదనీ, ఆ డ్రైవరు కోసం గాలిస్తున్నారనీ కూడా రాశారు. పోలీసులు ఇంకా గాలిస్తూనే ఉన్నారు. ఆయన మాత్రం మంచి జీతం చూపించి ఒక ప్రకటన వేయించి కూర్చున్నాడు. పని మానుకుని దాక్కున్న డ్రైవరు ఎప్పుడో ఒకప్పుడు పని వెతుక్కుంటూ బయటికి రాక తప్పదు.

"జీతం ఒక్కటే కాదు సార్..." డ్రైవరు లైసెన్సు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరును మెలితిప్పుతున్నాడు. "ఆ దారిన మళ్ళీ బండి తోలలేకపోయాను."

"ఏ దారి?"

"పాత వంతెన దారి సార్."

గోడ మీద ఏసీ గురగురలాడుతోంది. అధికారి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

డ్రైవరు గ్లాసు ముట్టుకోలేదు. కట్ట తెగినట్టు చెప్పుకుపోయాడు.

"నా కళ్ళ ముందే జరిగింది సార్. వాన జోరుగా ఉందని వ్యాను పక్కకు తీసి ఆపుకున్నాను. కారు వచ్చి గుద్దింది. అందులోంచి ఒకాయన దిగాడు. గొడుగు అడ్డమొచ్చి ముఖం కనపడలేదు. పిల్లను చూశాడు. చూసి మళ్ళీ కారెక్కి పోయాడు. నేను పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మా, అమ్మా అంది. అంతే సార్."

"పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"యజమానికి తెలియకుండా తీసిన బండి సార్ అది. నేనే గుద్దానంటారేమోనని వణికిపోయాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"ఇంకెవరికైనా?"

"ఒక్కరికి కూడా లేదు. కానీ కారు నంబరు చూశాను సార్. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

చెప్పాడు. అంకె పక్కన అంకె, వత్తి వత్తి పలుకుతూ.

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూశాక డ్రైవరుకు ఏదో అర్థమైంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్... ఆ పాప మీ అమ్మాయా?"

అధికారి తల దించుకున్నాడు.

డ్రైవరు భోరున ఏడ్చేశాడు. "క్షమించండి సార్. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని మీ ఉసురు పోసుకున్నాను. ఇప్పుడే స్టేషనుకు పోదాం పదండి. ఏం జరిగితే అది జరగనీ."

అధికారి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో నాయనా. నువ్వు మంచివాడివి కాబట్టి నోరు విప్పావు. ఇక్కడికి వచ్చినట్టు ఇంట్లో తెలుసా?"

"లేదు సార్. ఉద్యోగం ఖాయమయ్యాక చెబుదామనుకున్నా."

"ఖాయమైందనుకో. స్టేషనుకు నేనే తీసుకెళతాను."

ఫోను తీసి రిసెప్షన్‌లో అమ్మాయిని భోజనానికి వెళ్ళమన్నాడు. డ్రైవరును వెనక మెట్ల వైపు నడిపించాడు.

"ఇటు నుంచి దిగుదాం. ఈ ముఖంతో అందరి ముందు నడవలేను."

డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ వెంట నడిచాడు. ఆ పెద్దాయన మీద జాలితో అతని గుండె తరుక్కుపోతోంది. కింద పార్కింగులో మనిషి అలికిడి లేదు. అధికారి కారు తలుపు తీసి అతన్ని పక్క సీట్లో కూర్చోబెట్టాడు. బెల్టు పెట్టుకోవడం రాక తడుముకుంటుంటే, వంగి తనే పెట్టాడు. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు.

"కొత్త కారా సార్?" బెరుకుగా అడిగాడు డ్రైవరు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అవును," అంటూ అధికారి తలుపులన్నీ లాక్ చేశాడు.

పాతదాన్ని, ఇందాక ఇతను వత్తి వత్తి పలికిన నంబరు ప్లేటుతో సహా, ఆ వాన వెలిసిన మర్నాడే ఆయన దగ్గరుండి ముక్కలు చేయించేశాడు.