ఎదుటి పక్షం

"ఆవిడ మొహం చూసి చెప్పాలి. అంతే," అంది ఫిలిపా.

క్లెమ్ హాలరన్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఫిలిపా అతని లాయరు. పెర్త్ నుంచి వచ్చింది. ఆమె ఫీజు ఇచ్చేది క్లెమ్ కాదు, ప్రభుత్వం. ఆదివాసులు ఈ నేల మాదని కోర్టుకెక్కితే, అదే నేలను కౌలుకి తీసుకుని గొడ్లు మేపుకునేవాళ్లు కూడా తమ మాట చెప్పుకోవాలి కదా! అందుకని లాయరు ఖర్చు సర్కారే భరిస్తుంది. పథకం మంచిదే. దాని షరతులే పీక మీద కూర్చుంటాయి. రాజీ సమావేశాల్లో మనస్ఫూర్తిగా పాల్గొనాలి. పాల్గొనడం లేదని మధ్యవర్తి ఒక్క ముక్క రాస్తే చాలు, సాయం ఆగిపోతుంది. ఫిలిపా విమానం ఎక్కేస్తుంది. ఆ నేలలో ఉన్న మడుగు ఎవరికన్న సంగతి క్లెమ్ లేకుండానే తేలిపోతుంది.

ఆ మడుగు పోతే క్లెమ్ పోయినట్టే. వానలకు ముందు మూడు నెలలు అతని ఎనిమిది వందల గొడ్లకూ అదొక్కటే నీరు. ఆ మడుగు తమ తాతముత్తాతలదనీ, గొడ్లు తొక్కి బురద చేస్తున్నాయనీ, చుట్టూ కంచె వేసి తీరాలనీ ఐవీ ముసలమ్మ పట్టు. దావా వేసింది ఆవిడే.

"రెండు సమావేశాలయ్యాయి. రెండింట్లోనూ ఆవిడకి వీపు పెట్టి కూర్చున్నారు. ఆవిడ అడిగితే ఆకాశానికి జవాబు చెప్పారు. ఇంత పొగరేంటని అందరూ అనుకుంటున్నారు!"

"అనుకోనీ అమ్మాయ్."

"ఇంకోటి. ఎద్దును కోసినప్పుడల్లా ఆవిడ ఇంటికి మాంసం పంపుతున్నారట. ఎదుటి పక్షానికి మాంసమేంటండీ? లంచం అంటారు. ఆపేయండి."

"ఆపలేను."

"ఎందుకని?"

"ఆపలేనంటే ఆపలేను. వదిలెయ్."

ఫిలిపా గొంతు తగ్గించింది. "మీ నాన్నగారు వాళ్లని ఈ మడుగు నుంచి తరిమేశారట కదా. ఆ సిగ్గా?"

"తరిమాడు. కొరడా పట్టుకుని మరీ తరిమాడు." అది నిజమే. సిగ్గూ నిజమే. కానీ అడిగినదానికి అది జవాబు కాదు.

అసలు జవాబు చెప్పే దారి లేదు. సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తులో కుటుంబం గురించి అడిగిన ఒక ప్రశ్న దగ్గర క్లెమ్ అబద్ధం రాశాడు. నోరు విప్పితే ఆ అబద్ధం బయటపడి లాయరు పోతుంది. విప్పకపోతే రేపు ఆవిడ ఎదుట నిలబడాలి. ఎటు కదిలినా ఉరే. ఛీ, ఏం బతుకురా నాయనా అనుకున్నాడు.

ఫిలిపా ఇల్లంతా ఓసారి కలయజూసింది. ఆడమనిషి ఫోటో ఒక్కటీ లేదు. వచ్చిన రోజున భార్య గురించి అడిగితే "ఆ పేరు ఎత్తకు" అని కసిరాడు. వదిలేసి పోయిందని అనుకుందేమో, జాలిగా చూసింది. అతను అలాగే అనుకోనిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మడుగు ఒడ్డున టార్పాలిన్ కట్టారు. మధ్యవర్తి ఈసారి కొత్తావిడ. అందరూ ఒకరికొకరు కనిపించాలని కుర్చీలు గుండ్రంగా వేయించింది. అది చూడగానే క్లెమ్ చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

ఐవీ తన మనుషులతో వచ్చింది. గుండ్రంగా వేసిన కుర్చీలు చూసి, తన కుర్చీని వెలుపలికి తిప్పించుకుని, దుప్పటి తల మీదుగా కప్పుకుంది.

"చూశారా, ఆవిడా అంతే! ఇంత కసేంటండీ ఇద్దరికీ?" అని గొణిగింది ఫిలిపా.

ఐవీ పెద్దకొడుకు ఆల్ఫీ పళ్లికిలించాడు. "ఏం దొరా, అప్పుడే చెమటలు పట్టాయా? ఇంకా టీ కూడా ఇవ్వలేదు!"

"నీ మొహం. నువ్వు నోర్ముయ్," అన్నాడు క్లెమ్.

మధ్యవర్తి గొంతు సవరించుకుంది. "హాలరన్ గారూ, ఇవాళ మధ్యలో ఎవరి రాయబారాలూ వద్దు. ఆవిడ ఎదుటికి వెళ్లి, కంచె ఎందుకు వద్దో మీ నోటితో మీరే చెప్పండి. లేదంటే మీరు పాల్గొనలేదని నేను రాయక తప్పదు."

"అదెట్లా కుదురుతుందమ్మా..." అంటూ ఆల్ఫీ లేవబోయాడు. క్లెమ్ అతని వంక ఒక్క చూపు చూశాడు. ఆల్ఫీ కూర్చుండిపోయాడు.

క్లెమ్ లేచాడు. పది అడుగులు వేస్తే ఆవిడ ముందుంటాడు. పది అడుగులు, నాలుగు మాటలు. ఎనిమిది వందల గొడ్లు బతుకుతాయి. ఎవరేం చేస్తారు? ఎవరూ ఏమీ చెయ్యరు. ఒక అడుగు వేశాడు. రెండోది పడలేదు.

గిర్రున వెనక్కి తిరిగి తన బండి వైపు నడిచాడు.

"క్లెమ్! అంతా పోతుంది!" అని అరిచింది ఫిలిపా.

"పోనీ," అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

మధ్యవర్తి కలం తీసింది. బండి తలుపు మీద క్లెమ్ చెయ్యి పడిందో లేదో, ఐవీ గొంతు ఖంగుమని వినిపించింది. అతనితో కాదు, మధ్యవర్తితో.

"అది రాయకు. ఇది రాసుకో. మడుగుకి పైవైపు కంచె చాలు. కిందవైపు గొడ్లకి వదిలేస్తున్నాం."

మధ్యవర్తి తెల్లబోయింది. "మిమ్మల్ని ఇంత అవమానించి వెళ్తున్న మనిషికా?"

"అవమానమేంటి తల్లీ, నా బిడ్డ కన్నుమూసి మూడేళ్లయినా, అత్తకి ఎదురుపడి మాట్లాడకూడదన్న మా కట్టుబాటు తప్పని అల్లుడు వాడు!"